తెర మీద ఖాళీ జాగా

మా బడి కరస్పాండెంట్ గారు మా రంగుల మాస్టారు వేసిన నాటకం తెర మీద మేకులు కొట్టించారు. ఈ మాట ఎక్కడా మెత్తబరచకుండా రాయాలనే కూర్చున్నాను. మాస్టారు పోయిన వారంలోనే, ఆయనకు శ్రద్ధాంజలి పేరుతోనే ఆ పని జరిగింది. ఇన్నేళ్లుగా ఏ పిల్లా పిల్లాడూ ఎదురుగా నిలబడడానికి కూడా సాహసించని చోట ఇప్పుడు ఒక ఫ్లెక్సీ వేలాడుతోంది. అందులో చేతులు జోడించిన కరస్పాండెంట్ గారు తలుపంత ఉన్నారు. మాస్టారేమో కింద ఓ మూల, గులాబీల చట్రంలో, ఆధార్ కార్డు ఫొటోలో, ఎవరో వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడినట్టు ఉన్నారు.

మాస్టారు పోయిన సంగతి నాకు ఆటోనగర్‌లో తెలిసింది. నేను అక్కడ లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ పని చేస్తాను. టీ తాగుతుంటే ఫోను మోగింది. మాస్టారి కూతురు.

"తమ్ముడూ, నాన్న పొద్దున్న పోయారు" అంది. వాళ్లిల్లు వన్ టౌన్‌లో. వీధిలో తోపుడు బండి వాడెవడో దారి ఇమ్మని ఆటోని తిడుతున్నాడు, అది వినిపిస్తోంది. "బ్రష్షులు కడిగి బోర్లించి పడుకున్నారు. మళ్లీ లేవలేదు."

ఊపిరితిత్తుల్లో రంగు చేరిందని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు. ఆయన మాత్రం, "చేరితే చేరనివ్వరా, లోపల కూడా కాస్త కళగా ఉంటుంది" అనేవారు.

ఆయనెవరో, మేమెవరమో తెలియనివాళ్ల కోసం చెప్పాలి. మేము తెలుగు యూదులం. అలాంటివాళ్లు కూడా ఉంటారా అని విజయవాడలో ఎవరైనా అడిగితే నాకు కోపం వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను, ఉంటాం. చల్లపల్లి దాటాక కాలువ గట్టు మీద మా పేట. మా తాతలు పొలం పనులు చేశారు, ఊళ్లో చావులకు డప్పు కొట్టారు, కొంతకాలం చర్చికి వెళ్లారు. వాళ్లలో ఒకాయన పాత గ్రంథాలు చదువుకుంటూ చదువుకుంటూ మన దారి ఇదీ అని తేల్చుకుని, పేటలో ప్రార్థన మందిరం పెట్టారు. ఆయన్ని అందరం పెద్దాయన అనేవాళ్లం. మందిరం పక్కన రేకుల షెడ్డులో ఆయనే బడి పెట్టారు. హీబ్రూ అక్షరాలూ తెలుగు అక్షరాలూ ఒకే నల్లబల్ల మీద నేర్చుకున్నాం. శుక్రవారం మధ్యాహ్నానికి గంట కొట్టేసేవారు. శనివారం సెలవు, ఆదివారం పాఠాలు. చర్చికి వెళ్లే పిల్లలు గట్టు మీద ఆగి, "ఆదివారం కూడా బడేంట్రా, ఏం పాపం చేశారు?" అని ఏడిపించేవారు. "నిన్న మీరు లెక్కలు చేసుకుంటుంటే మేం గోళీలాడుకున్నాంలే" అని మా జవాబు. వాళ్లలో కొంతమంది తర్వాత మా బడిలోనే చేరారు. లెక్కల కోసం కాదు, నాటకం కోసం.

ఆ నాటకం తెచ్చింది మాస్టారు. ఆయన యూదులు కాదు. ఆటోనగర్‌లో లారీల నుదుటి మీద అమ్మవారిని వేసేవారు, వెనక తలుపుల మీద చిలకలు వేసేవారు. నాటక సమాజాలకు తెరలు వేసి, మనిషి తక్కువైతే భటుడి వేషం కట్టేవారు. బడికి ఒక పాత వ్యాన్ వచ్చినప్పుడు, పేరు రాయించడానికి పెద్దాయన దాన్ని ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆరు కోణాల నక్షత్రం వెయ్యమన్నారు. సాయంత్రం వెళ్లి చూస్తే నక్షత్రం చక్కగానే ఉంది. దాని మధ్యలో తామర పువ్వుంది. అటొకటి ఇటొకటి చిలకలున్నాయి.

"చిలకలు నేను చెప్పలేదు కదండీ" అన్నారట పెద్దాయన.

"మీరు చెప్పలేదండీ. కానీ నక్షత్రం ఒక్కతే ఉందండీ, చీకట్లో భయపడదూ?"

పెద్దాయన ఆ మాటకే పడిపోయారు. మా పిల్లలకు బొమ్మలు నేర్పుతారా అని అక్కడే, ఆ షెడ్డు ముందే అడిగారు. అప్పుడు నేను నాలుగో తరగతి.

మొదటి పాఠంలో మాస్టారు మా చేతికి బ్రష్షులు ఇవ్వలేదు. అందరినీ కాలువ గట్టుకు తీసుకెళ్లి, కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. ఏం వినపడుతోందో చెప్పమన్నారు. ఇంజను మోటారు అని ఒకడు, కొంగ అని ఒకతి, నా కడుపు అని నేను. "బాగుంది. ఇప్పుడు నీ కడుపు చప్పుడుకి ఏ రంగు వేస్తావు?" అని అడిగారు. నవ్వులాటకి అడిగారనుకున్నాను. జవాబు చెప్పేదాకా కదలనివ్వలేదు. చివరికి వంకాయ రంగు అన్నాను. "ఆఁ, అదీ" అన్నారు. ఆయన దగ్గర మెప్పు అంటే అంతే.

పులియని రొట్టెలు తినే మా పండుగకు ముందు నాటకం వేద్దామని పెద్దాయనే అన్నారు. బానిసలు ఒక రాజు చేతిలోంచి సముద్రం దాటి బయటపడిన కథ మాకు ఆ పండుగలో ప్రతి ఇంట్లోనూ చెబుతారు. కథంతా విని మాస్టారు పెద్ద తెర వేయడం మొదలుపెట్టారు. ఎడారిలో కొండ, కొండ మీద మండే పొద, పొదలోంచి దేవుడి గొంతు. ఆయనకు చిన్నప్పటినుంచీ తెలిసిన కొండ ఇంద్రకీలాద్రి ఒక్కటే. కాబట్టి ఎడారి కొండ అచ్చం బ్యారేజీ మీదనుంచి చూసినట్టే వచ్చింది. కింద నీళ్లు కూడా పారించారు.

"ఎడారిలో నీళ్లేంటండీ?" అన్నారు పెద్దాయన.

"కొండన్నాక కింద నీళ్లుంటాయి కదండీ" అన్నారు మాస్టారు, ఇంకోలా ఎక్కడైనా ఉంటుందా అన్నట్టు. నీళ్లు ఉండిపోయాయి. ఇప్పటికీ ఉన్నాయి.

అసలు గొడవ పండుగ ముందర వచ్చింది. తెర పూర్తయిందని మమ్మల్నందరినీ పిలిచి విప్పి చూపించారు. పొద మధ్యలో దేవుడున్నాడు. కిరీటం, చెవులకు కుండలాలు, ఒళ్లంతా బంగారు రంగు, కుడి చెయ్యి ఎత్తి దీవిస్తున్నాడు. మేం చప్పట్లు కొట్టాం. నిజం చెప్పాలంటే అంత అందమైన దేవుణ్ణి నేను మళ్లీ చూడలేదు. పెద్దాయన మాత్రం కుర్చీలోంచి లేచారు.

"మాస్టారూ, ఎవరండీ ఈయన?"

"దేవుడండీ."

"ఇలా ఉంటాడని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. మీసం కూడా పెట్టలేదు, మీవాళ్లకి నచ్చదేమోనని."

పెద్దాయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నారు. "మా దేవుడికి బొమ్మ ఉండదండీ. వెయ్యకూడదు. చెప్పకపోవడం నా తప్పే, మీకు తెలుసనుకున్నాను."

మాస్టారు చాలాసేపు తెర వంక చూశారు. బ్రష్షు పట్టుకున్నప్పటినుంచీ దేవుళ్లను వేసి బతికిన మనిషి. "మరి మనుషులు ఎటు చూడాలండీ?" అని అడిగారు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"చూడక్కర్లేదండీ. వినాలి" అన్నారు పెద్దాయన. ఆ విన్నదాన్ని స్టేజీ మీద ఎలా పెట్టాలో మాత్రం ఆయనకూ తెలియలేదు.

కొత్త గుడ్డకు సమయం లేదు. నాటకం తెరల రంగులు పొడి రంగులు, జిగురు కలిపి వేస్తారు, నీళ్లు తగిలితే కరిగిపోతాయి. మేమందరం ఆ తెరను పల్లకీలా మోసుకుని కాలువకు వెళ్లాం. కొండ తడవకుండా చుట్టూ పట్టుకుని మేం నిలబడితే, మధ్యలో మాస్టారు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి కొబ్బరి పీచుతో దేవుణ్ణి తోమారు. బంగారు రంగు తేలుతూ పోయింది. "దేవుడు దివిసీమ వైపు పోతున్నాడు మాస్టారూ" అని ఎవడో అన్నాడు. గట్టు మీదున్న పెద్దాయన విననట్టు కొబ్బరిచెట్ల వైపు తిరిగారు. మాస్టారు మాత్రం, "పోనివ్వండ్రా, అక్కడా జనం ఉన్నారు" అన్నారు. తోమీ తోమీ ఆ చోట గుడ్డ పల్చబడి గాజుగుడ్డలా అయింది. తెల్లగా కూడా రాలేదు, పాలు విరిగిన రంగు. చుట్టూ మంటలు, మధ్యలో ఏమీ లేదు. దాన్ని చూసి ఆయన మొహం చిన్నబోయింది. పాడైపోయింది అనుకున్నారు. మేమూ అదే అనుకున్నాం.

మా షెడ్డుకు వెనక వైపు గోడ లేదు. పడమర, కాలువ, కొబ్బరిచెట్లు. ఆ వైపే తెర కట్టారు. సాయంత్రం నాటకం మొదలైంది, గొర్రెలు కాసుకునే, తర్వాత బానిసల నాయకుడయ్యేవాడి వేషంలో ఉన్న పిల్లాడు కొండ దగ్గరికి వచ్చేసరికి ఎండ చెట్ల సందులోకి దిగింది. మిగతా తెరంతా దట్టంగా రంగు ఉంది కాబట్టి వెలుగు ఆగిపోయింది. ఆ పల్చటి చోట మాత్రం ఆగలేదు. అక్కడ ఎవరో దీపం పెట్టినట్టు, కాదు, ఎవరో ఉన్నట్టు వెలిగింది. ఆ పిల్లాడు చెప్పాల్సిన మాట మరిచిపోయాడు. కింద కూర్చున్న మా అమ్మ ఒళ్లోని చెల్లిని గట్టిగా పట్టుకోవడం నాకు స్టేజీ మీదనుంచి కనపడింది.

మర్నాడు మాస్టారు పెద్దాయన దగ్గరికెళ్లి, "మీరు చెప్పింది నిన్న అర్థమైందండీ" అన్నారు. పెద్దాయన, "నాకూ నిన్నే అయిందండీ" అన్నారు. ఇద్దరూ టీ తాగారు. ఆ తర్వాత వాళ్లు దాని గురించి మాట్లాడగా నేను వినలేదు.

తెర ఇక అక్కడే ఉండిపోయింది, దాంతో ఒక నియమం వచ్చింది. ఆ ఖాళీ ముందు ఎవరూ నిలబడకూడదు. రాజైనా సరే, పక్కనుంచే నడవాలి. రిహార్సల్లో ఎవడైనా మరిచిపోయి అటు జరిగితే, "జరుగు నాన్నా, అది ఒకరి చోటు" అనేవారు మాస్టారు. బడి లేనప్పుడు కూడా, ఊడ్చడానికి వచ్చే ఆవిడ చీపురుతో ఆ ముందునుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్లేది.

ఇంకొక పద్ధతి కూడా ఆయనే పెట్టారు. ప్రతి బడిలోనూ నాటకం అంటే పదిమందికి వేషాలు, మిగతావాళ్లకు చప్పట్లు. మా బడిలో వేషం దొరకని పిల్లలందరూ తెర వెనక కూర్చునేవారు, నీడలు పడకుండా వంగి. దేవుడి గొంతు వాళ్లదే. ఒక్కడి గొంతు కాదు, అందరిదీ, మెల్లగా, డప్పు మీద వేళ్లు మాత్రం ఆడిస్తూ. మా తాతలు చావులకు కొట్టిన డప్పే. మాస్టారు ఆ గొంతుకు ఒకే మాట రాశారు: "వింటున్నాను." వేషం ఇవ్వదగినవాళ్లు కాదని అందరికీ అనిపించిన పిల్లలు, నత్తి ఉన్నవాళ్లు, సిగ్గుపడేవాళ్లు, ఆ వెలుగు వెనకనుంచి ఆ మాట అంటుంటే రాజు వేషం కట్టిన వాడికి కూడా అసూయ కలిగేది. సమానత్వం మీద నేను తర్వాత చిన్న చిన్న పుస్తకాలు చాలా చదివాను. ఆ మాటకు అర్థం నాకు అక్కడే తెలిసింది.

రాజు వేషం కట్టినవాణ్ణి నేనే. "నీకు కోపం ఉచితంగా వస్తుంది, ఎందుకు వేస్ట్ చెయ్యడం" అని ఏటేటా నాకే ఇచ్చేవారు. పదో తరగతిలో మాత్రం బానిసల నాయకుడి వేషం కావాలని పట్టుబట్టాను. అప్పటికి విజయవాడ బస్టాండులో పంచే కరపత్రాలు, మీటింగుల్లో అమ్మే బుక్‌లెట్లు పోగేసి చదువుతున్నాను. లోకం నాకు మొత్తం అర్థమైపోయింది. రిహార్సల్లో నా వంతు రాగానే మాస్టారు రాసింది వదిలేసి, "శ్రామిక సోదరులారా" అని అందుకున్నాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. రాజు వేషం వేసిన వాడు కిరీటం తీసి గోక్కుంటున్నాడు.

"ఆగరా అయ్యా" అన్నారు మాస్టారు. "సముద్రం ఒడ్డున మైకు లేదు."

"నేను చెప్పిందాంట్లో తప్పేముంది మాస్టారూ?"

"తప్పేం లేదు. అన్నీ నిజాలే. నీ ముందు బానిస తల్లి వేషంలో ఆ పిల్ల ఏడుస్తూ ఒక మాట చెప్పింది, ఏం చెప్పిందో చెప్పు."

నాకు తెలియలేదు. ఆ అమ్మాయి నా బిడ్డను పనిలో కొట్టి చంపారు అని చెప్పిందట. నేను ఆ మాట మీదనుంచి లారీ తోలేశాను.

"కోపం మంచిదేరా. వినకుండా వచ్చిన కోపం ఉంది చూశావూ, అది గొంతు నొప్పి, అంతే" అన్నారు. "ఈ ఏడు నీకు వేషం లేదు. తెర వెనక్కి పో."

రగిలిపోయాను. మా అమ్మతో, ఇది నిరంకుశత్వం అన్నాను. "అదేదో తర్వాత తిందువుగాని, ముందు అన్నం తిను" అంది అమ్మ. మొండిగానే వెళ్లి తెర వెనక కూర్చున్నాను. నా పక్కన మూడో తరగతి పిల్ల, అటు పక్క నత్తి ఉన్న కుర్రాడు. వెనకనుంచి ఎండ వీపు మీద పడుతోంది. అవతల జనం ఊపిరి బిగపట్టారు. ఆ మాట నేను ముందే అనేయకుండా, ఆ కుర్రాడి పెదవులు విడిపడేదాకా ఆగాలి. అతను 'విం' దగ్గర తంటాలు పడుతున్నాడు. ఆగాం. అందరం ఆగాం. తర్వాత అందరి గొంతూ ఒక్కటై వచ్చింది. ఇంకొకడి కోసం నేను నోరు మూసుకుని ఆగడం అదే మొదలు. ఇప్పటికీ ఆటోనగర్‌లో ఎవరితోనైనా తగువు వస్తే, నోరు తెరిచే ముందు ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ప్రతిసారీ కాదు. ఎక్కువసార్లు.

పెద్దాయన పోయాక ఆయన కొడుకు కరస్పాండెంట్ అయ్యారు. ఆయన చెడ్డ మనిషి అని నేను రాయను. తుఫానుకు రేకులు లేస్తే పైకెక్కి తాడు కట్టినవాళ్లలో ఆయన ముందున్నారు. కానీ బయట హాస్టల్లో చదువుకున్నారు, నాటకానికి వచ్చినప్పుడల్లా ఆయనకు ముందు వరసలో కుర్చీ వేసేవారు. తెర వెనక ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. బొమ్మల పీరియడ్ వారానికి ఒకటైంది, తర్వాత లెక్కలకు వెళ్లిపోయింది. మాస్టారికి ఆయాసం పెరిగి బస్సు ఎక్కలేకపోయేసరికి, ఇక ఎవరూ అడగనే లేదు.

పోయే ముందు నేను వన్ టౌన్‌లో ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. గోడౌన్ పై గది, మంచం పక్కన రంగు డబ్బాలు. నన్ను చూడగానే, "ఈ ఏడు రాజు ఎవడ్రా?" అన్నారు.

నాటకమే లేదన్న సంగతి అప్పటికే నాకు తెలుసు. రంగు డబ్బాలు సర్దుతూ అన్నాను, "ఇంకా అనుకోలేదు మాస్టారూ."

"ఎవడైతేనేంలే." ఊపిరి అందక కాసేపు ఆగారు. "వెనక్కి వెళ్లేవాళ్లు ఎక్కువమంది ఉండేలా చూడు. ముందు వాళ్లు ఎలాగూ దొరుకుతారు."

దహనం అయ్యాక పేటకు వెళ్లి షెడ్డులోకి అడుగుపెట్టాను. సాయంత్రం. అలవాటుగా తెర వంక చూశాను. చీకటి. ఫ్లెక్సీ మందం కదా, వెలుగు రాదు. నాలుగు మూలలా మేకులు, వెనక కొత్తగా కట్టిన వెదురు కర్రలదాకా, కొండలోకి, నీళ్లలోకి, మంటల్లోకి. సరిగ్గా ఆ జాగాలో కరస్పాండెంట్ గారి మొహం.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"శ్రద్ధాంజలి. చదువుకున్నవాడివి, కనపడ్డం లేదా?"

"అక్కడెవరూ నిలబడకూడదండీ."

"నిలబడలేదయ్యా, ఫొటో." ఆయనకు నిజంగానే తేడా తెలియలేదు. "అయినా ఆ గుడ్డ చిరిగిపోయింది, వచ్చే నెల తీసేస్తాం. డిజిటల్ స్క్రీన్ వస్తోంది. ఇక్కడికొచ్చే తల్లిదండ్రులు మార్కులు అడుగుతున్నారు గానీ నాటకాలు అడగడం లేదు."

నేను అరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయను, మాస్టారు వినుంటే సముద్రం ఒడ్డున మైకు లేదు అనేవారు. ఇంటికొచ్చి కరపత్రం రాయడానికి కూర్చున్నాను. నాలుగు వాక్యాలు ఎర్రగా రాసి కొట్టేశాను. ఇది వచ్చింది.

కాబట్టి మా బడిలో చదివినవాళ్లకీ, చర్చి అవగానే గట్టు మీద పరిగెత్తుకొచ్చి మాతో ఆడినవాళ్లకీ, మా అమ్మల్లా నేల మీద కూర్చుని చూసినవాళ్లకీ చెబుతున్నాను. ఈ ఆదివారం సాయంత్రం ఐదున్నరకు షెడ్డు దగ్గరికి రండి. ఆలస్యం చేయొద్దు, ఎండ మనకోసం ఆగదు. మేకులు పీకే సుత్తి నేను తెస్తాను, వెనక కర్రలూ విప్పేద్దాం. ఫ్లెక్సీని ఎవరూ చింపొద్దు. జాగ్రత్తగా మడిచి కరస్పాండెంట్ గారి చేతికే ఇద్దాం, వానాకాలం రేకుల మీద కప్పుకోవచ్చు. నినాదాలు వద్దు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు, నేను కూడా.

డప్పు వస్తుంది. ఇప్పుడు బడిలో ఉన్న పిల్లల్లో ఎవరికీ నాటకం తెలియదు కాబట్టి, వాళ్లను మన మధ్యన కూర్చోబెట్టుకుందాం. అందరం తెర వెనకే, నీడలు పడకుండా వంగి.

ముందు ఒక్క కుర్చీ వేస్తాం. అది కరస్పాండెంట్ గారిది. ఆయన్ని నేనే వెళ్లి పిలుస్తాను, మర్యాదగా. మేకులు తీసిన చోట్ల చిల్లులు ఉంటాయి, వాటిని ఎవరూ కుట్టొద్దు. ఎండ కొబ్బరిచెట్ల కిందకు దిగేసరికి ఆ పల్చటి చోట వెలుగుతుంది, ఈసారి చుట్టూ కొండ మీద, నీళ్ల మీద చిన్న చిన్న చుక్కలుగా కూడా. ఖాళీ షెడ్డులో ఆయన ఒక్కరే కుర్చీలో కూర్చుని ఉంటారు, ఆ చుక్కలు చొక్కా మీద పడుతూ. మేం ఆగుతాం. మా అందరిలో చిన్న పిల్ల పెదవులు విడిపడేదాకా ఆగి, అప్పుడు ఆ ఒక్క మాట అంటాం.